రోడ్డు గట్టు, పడవ, బురద నేల: పులికాట్, కాకినాడ తీరాల్లో నీటి పక్షుల ఫొటోలకు ఏది ఎంచుకోవాలి?

నీటి అంచున పొడుగు కాళ్లతో మేసే పక్షులను ఫొటో తీయాలనుకునేవాళ్లు మొదట అడిగేది ‘ఏ లెన్స్ కొనమంటారు?’ అని. దానికి జవాబు చెప్పాలంటే ముందు రెండు సంగతులు తేలాలి. మీకు కావలసిన పక్షి ఎంత పొడుగు? మీ కెమెరా నీటి మట్టానికి ఎంత ఎత్తున ఉండబోతోంది? ఆంధ్ర తీరంలో ఈ పనికి మూడు రకాల చోట్లున్నాయి: పులికాట్ సరస్సు మీదుగా వెళ్లే శ్రీహరికోట రోడ్డు గట్టు, కాకినాడ–కోరింగ వైపు పడవ, ఉప్పుమళ్ల పక్కనో బురద మేటల అంచునో కటిక నేల. మూడింటిలో ఏ ఒక్కటీ అన్ని పక్షులకూ సరిపోదు. ఫ్లెమింగోకి బ్రహ్మాండంగా పనికొచ్చిన చోటే స్టింట్ అనే చిన్న పిట్ట దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తుంది.

ఎత్తు లెక్క

గట్టు మీద ఆపిన కారు కిటికీలో కెమెరా పెడితే అది నీటికి రెండున్నర మీటర్ల పైన ఉంటుందనుకుందాం. పది మీటర్ల దూరంలో ఒక చిన్న స్టింట్ మేస్తోంది. కెమెరా దాన్ని 14 డిగ్రీల వాలుతో కిందికి చూస్తుంది. పిట్ట తల నేలకు పది సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, తల మీదుగా పోయిన చూపు నలభై సెంటీమీటర్ల వెనకే బురదను తాకుతుంది. అంటే ఆ బురదలోని ప్రతి గులకరాయీ, ప్రతి పురుగు బొరియా సగం ఫోకస్‌లో కనిపిస్తూనే ఉంటుంది. అదే పిట్టను నేల మీద పడుకుని, కెమెరాను ఇరవై సెంటీమీటర్ల ఎత్తున పెట్టి తీస్తే చూపు మరో పది మీటర్లు పోయాక గానీ నేలను తాకదు. వెనక అంతా వెన్నలా కరిగిపోతుంది. లెన్స్ మారలేదు, దూరం మారలేదు. మారింది ఎత్తు ఒక్కటే.

ఇప్పుడు అదే కారు కిటికీ నుంచి అరవై మీటర్ల దూరాన, 1.3 మీటర్ల ఎత్తున్న ఫ్లెమింగోని చూడండి. వాలు రెండున్నర డిగ్రీలు కూడా ఉండదు. దాని ఒంటి వెనక ముప్పై మీటర్లకు పైగా ఖాళీ దొరుకుతుంది. దీనికోసం బురదలో పడుకోవాల్సిన అవసరం లేదు. పైగా దిగి నడిస్తే గుంపు మొత్తం లేచిపోతుంది.

కాబట్టి ఫ్లెమింగో, ఎర్రకాళ్ల కొంగ, గూడబాతు, నారాయణ పక్షి కావాలంటే గట్టు. స్టింట్, ప్లోవర్, సాండ్‌పైపర్ లాంటి చిన్న ఉల్లంకులు కావాలంటే నేల. కర్ల్యూ, గాడ్విట్, నల్లరెక్కల స్టిల్ట్ లాంటి మధ్య సైజువాటికి పడవ. నాటు పడవలో కూర్చుని, లెన్స్‌ను ఒడి మీదికి దించితే నీటికి డెబ్బై ఎనభై సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది.

శ్రీహరికోట రోడ్డు: ఎడమ కిటికీ

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు రోడ్డు దాదాపు నేరుగా పడమర నుంచి తూర్పుకు పోతుంది. నీళ్లు ఉత్తరాన, దక్షిణాన రెండు పక్కలా ఉంటాయి. పక్షుల కాలం అక్టోబరు నుంచి మార్చి దాకా. ఆ నెలల్లో సూర్యుడు ఆగ్నేయంలో పొడిచి, దక్షిణంగా వెళ్లి, నైరుతిలో కుంగుతాడు. అంటే ఉత్తరం వైపు పక్షుల మీద పొద్దుటా సాయంత్రమూ ముందు నుంచో పక్క నుంచో వెలుతురు పడుతుంది. దక్షిణం వైపు పక్షులు రోజంతా ఎదురెండలోనే ఉంటాయి.

మనం రోడ్డుకు ఎడమ పక్కన నడుపుతాం. సూళ్లూరుపేట నుంచి వెళ్లేటప్పుడు ఎడమ అంటే ఉత్తరం. అందుకని ఫొటో తీసేవాళ్లు డ్రైవరు పక్క సీట్లోనో, వెనక ఎడమ సీట్లోనో కూర్చోవాలి. అసలు పనంతా వెళ్లేటప్పుడే అయిపోవాలి. తిరిగొచ్చేటప్పుడు ఎడమ కిటికీ దక్షిణానికి తిరుగుతుంది. ఉత్తరం వైపు తీయాలంటే మధ్యలో రోడ్డు, లారీలు, బస్సులు. తిరుగు ప్రయాణాన్ని నీడబొమ్మలకు, ఈకల అంచున వెలుగు గీత మెరిసే ఫొటోలకు అట్టేపెట్టుకోండి. ఫ్లెమింగోల మెడ వంపుకు ఎదురెండ చాలా అందమే. ఆ ఒంపు విడిగా కనపడాలంటే రెండు పక్షులు ఒకదాని మీద ఒకటి పడకుండా చూసుకోవాలి, అంతే.

కారులో చేయకూడనివి కొన్ని. ఇంజిన్ ఆపకుండా తీస్తే డోరు మీద పెట్టిన లెన్స్ సన్నగా వణుకుతుంది. 1/1000 సెకను షట్టర్‌లో కూడా ఆ వణుకు తెలుస్తుంది. ఏసీ వేసి ఉంచిన కారు కిటికీ దించగానే తీస్తే లోపలి చల్లగాలీ బయటి వేడిగాలీ కలిసే చోటే చూపు అలలుగా అవుతుంది. రెండు మూడు నిమిషాలు ముందే ఏసీ ఆపి, కిటికీలన్నీ దించాలి. డోరు తీస్తే పక్షులకు మనిషి ఆకారం తెలిసిపోతుంది. కారును అవి పట్టించుకోవు, కారులోంచి దిగిన మనిషిని పట్టించుకుంటాయి.

డోరు మీదికి బీన్‌బ్యాగ్ కావాలి. ఖాళీ సంచి తీసుకెళ్లి సూళ్లూరుపేటలో రెండు మూడు కిలోల బియ్యం కొని నింపుకోవచ్చు. ఊక నింపితే తేలికే కానీ రెండు కిలోల లెన్స్ కింద అణిగిపోయి పక్కకు జారుతుంది. తడిసిన బియ్యం ఉబ్బి పులుస్తుంది కాబట్టి పడవలోకి, బురదలోకి ఆ సంచిని తీసుకుపోకండి.

ఇది అంతరిక్ష కేంద్రానికి వెళ్లే రోడ్డు. గేటు దాపుల్లో కెమెరా బయటికి తీయకూడదు, డ్రోన్ మాటే ఎత్తకూడదు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో రాకపోకల మీద ఆంక్షలుంటాయి. ఇస్రో ప్రకటన చూసుకుని రోజు ఎంచుకోండి. ఆపేటప్పుడు రెండు చక్రాలూ మార్జిన్‌లోకి దిగాలి. మలుపు లేని రోడ్డు కదా అని వాహనాలు వేగంగా వస్తాయి.

పులికాట్‌లో నెల, కాకినాడలో గంట

ఈ రెండు చోట్లా నీళ్ల తీరు వేరు. చాలామంది పొరపడేది ఇక్కడే.

పులికాట్ ఉప్పునీటి కయ్య. సముద్రంతో దానికున్న ముఖద్వారాలు సన్నం, పైగా ఇసుక మేటలేసి పూడుతుంటాయి. సూళ్లూరుపేట వైపు నీటిమట్టాన్ని నిర్ణయించేది ఆటుపోట్ల కన్నా ఈశాన్య రుతుపవనాల వాన, కాళంగి, స్వర్ణముఖి, ఆరణి నదులు తెచ్చే నీళ్లు. నవంబరు, డిసెంబరుల్లో గట్టిగా వానలు పడితే రోడ్డు పక్కన మోకాలి లోతు దాటుతుంది. ఫ్లెమింగోలకు అది చాలు. చిన్న ఉల్లంకులకు చీలమండ లోతు కూడా ఎక్కువే, అవి ఆ నీళ్లలో నిలబడలేవు. జనవరి చివర నుంచి నీళ్లు వెనక్కి తగ్గి అంచుల్లో బురద తేలుతుంది. అప్పుడు మొదలవుతుంది స్టింట్ల, ప్లోవర్ల కాలం. ఏప్రిల్‌కి ఉత్తర భాగం చాలావరకు ఎండిపోతుంది. కాబట్టి ఫ్లెమింగోల కోసమైతే డిసెంబరు నుంచి ఫిబ్రవరి, చిన్నవాటికైతే ఫిబ్రవరి, మార్చి. ఏడాది ఏడాదికీ వానను బట్టి ఇది ఓ నెల అటూ ఇటూ జరుగుతుంది. బయల్దేరే ముందు ‘వానలెలా పడ్డాయి’ అని ఆ ఊళ్లో ఎవరినైనా అడగడం మేలు.

కాకినాడలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. పోటు సమయం రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. పున్నమికి, అమావాస్యకు పోటు పెద్దది. ఆటులో బురద మేట చాలా దూరం బయటపడి, పక్షులు దాని నిండా చెల్లాచెదురుగా ఉంటాయి. ఏ లెన్స్‌కీ అందవు. నీళ్లు ఎక్కేకొద్దీ అవే గట్టు వైపు, మిగిలిన దిబ్బల మీదికి దగ్గరపడతాయి. పూర్తి పోటుకు రెండు గంటల ముందు నుంచి పోటు దాకా ఉండే సమయమే ఇక్కడ బంగారం. ఆ రెండు గంటలు పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర మధ్యో, సాయంత్రం నాలుగు తర్వాతో పడే రోజులు నెలలో కొన్నే. టైడ్ టేబుల్ చూసి ఆ రోజులు గుర్తు పెట్టుకుని, సెలవు ఆ తర్వాత పెట్టుకోండి. సెలవు ముందు పెట్టుకుని పోటును వెతుక్కుంటే మిట్టమధ్యాహ్నం పోటు దొరుకుతుంది.

పడవ ఎవరికి నప్పుతుంది

కోరింగ మడ అడవుల మధ్య పాయల్లో కర్ల్యూలు, సాండ్‌పైపర్లు, తెల్లకొంగలు పాయ అంచు బురద మీదే మేస్తాయి. అటవీశాఖ చెక్క వంతెన మీద నడిస్తే మడ చెట్లు చక్కగా కనిపిస్తాయి గానీ పక్షులు పైనుంచి, కొమ్మల సందుల్లోంచి మాత్రమే దొరుకుతాయి. ఉల్లంకుల కోసమైతే వంతెన మీద సమయం పెట్టకండి.

పడవవాడితో ముందే మూడు సంగతులు మాట్లాడుకోవాలి. పక్షులకు వంద మీటర్ల ముందే మోటారు ఆపి, గడకర్రతో పోనివ్వాలి. సూర్యుడు మన వీపుకు ఉండేలా పాయలోకి దిగాలి, అవసరమైతే చుట్టు తిరిగి అవతలి నుంచి రావాలి. నీళ్లు తీసేలోగా బయటపడాలి. ఆటు మొదలయ్యాక చిన్న పాయలో పడవ బురదకు కరుచుకుంటే మళ్లీ పోటు వచ్చేదాకా అక్కడే. మూడోదాంట్లో పడవవాడి మాటే వేదం. ‘ఇంకొక్క అయిదు నిమిషాలు’ అనకండి.

పడవలో ట్రైపాడ్ దండగ. పడవ ఊగితే అదీ ఊగుతుంది. లెన్స్‌ను పడవ అంచు చెక్కకు ఆనించినా అంతే, కదలికంతా నేరుగా లెన్స్‌లోకి వస్తుంది. మోచేతులు ఒంటికి ఆన్చుకుని చేత్తో పట్టుకోవాలి, వణుకు తగ్గించే స్టెబిలైజర్ వేసి ఉంచాలి, షట్టర్ 1/2000కి తగ్గకూడదు. అందుకే పడవకు రెండు కిలోల 600 మి.మీ. లెన్స్ కన్నా కిలోన్నర 100–400, 100–500 జాతి లెన్స్‌లు మేలు. చేయి నొప్పెట్టే లెన్స్‌తో మొదటి అరగంట బాగుంటుంది, పక్షి వచ్చేసరికి అది దించి ఉంటుంది.

నేల మీద

నిజంగా కట్టిపడేసే ఉల్లంకుల ఫొటోలు ఇక్కడే పుడతాయి. శ్రమంతా కూడా ఇక్కడే. నౌపడ, చినగంజాం వంటి చోట్ల ఉప్పుమళ్ల గట్లు ఎత్తు తక్కువ, నేల గట్టి, నీళ్లు లోతు లేనివి. అవి వేరేవాళ్ల పని స్థలాలు, కనుక అడిగి అడుగు పెట్టాలి. గట్టు తొక్కి తెగ్గొడితే వాళ్ల పంట పోతుంది.

కావలసినవి: రెండు మీటర్ల పొడవున్న మందపాటి టార్పాలిన్ పట్టా, గ్రౌండ్‌పాడ్, తాళ్లు గట్టిగా కట్టుకునే పల్చటి కాన్వాస్ బూట్లు. గ్రౌండ్‌పాడ్ అంటే బురద మీద జారే పళ్లెం. అంచు పైకి వంగిన పాత పెనానికి మధ్యలో చిల్లు పొడిచి, కింద నుంచి మరతో ట్రైపాడ్ తల బిగిస్తే సరిపోతుంది. గమ్‌బూట్లు మాత్రం వద్దు. లోతు బురదలో కాలు వస్తుంది గానీ బూటు రాదు. ఉత్త కాళ్లతో వెళ్తే ఆల్చిప్పల అంచులు కోస్తాయి.

పక్షి వెంట పాకడం కన్నా పక్షి వచ్చే చోట ముందే పడుకోవడం మేలు. ఇది నేల పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన ఎంపిక. కాకినాడ మేటల అంచునైతే రాబోయే గంటలో పోటు నీళ్లు ఎక్కడికి చేరతాయో అంచనా వేసి, ఆ గీతకు కాస్త వెనక, సూర్యుడిని వీపున పెట్టుకుని నలభై అయిదు నిమిషాల ముందే పడుకోండి. మొదటి పావుగంట ఏ పిట్టా రాదు. తర్వాత స్టింట్లు నీటి అంచు వెంబడి మేసుకుంటూ వాటంతట అవే ఎనిమిది పది మీటర్లకు వస్తాయి. వెంటాడితే అవి మీకు ఎప్పుడూ ముప్పై మీటర్ల అవతలే ఉంటాయి. బురదలో ఒంటరిగా దిగకండి. ముందు కర్రతో పొడిచి, మోకాలి దాకా దిగే చోటికి పోకండి.

మార్చి తర్వాత పొడినేల మీద, ఉప్పుమళ్ల గట్ల మీద కెంటిష్ ప్లోవర్, స్టిల్ట్ గుడ్లు పెడతాయి. నేల రంగులో కలిసిపోయిన గుడ్లు కాలి కింద పడేదాకా కనపడవు. ఒక పిట్ట రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ మీ ముందు పరుగెడితే గూడు దగ్గరలో ఉందని అర్థం. ఫొటో తీయకుండా వచ్చిన దారినే వెనక్కి నడవండి. ఎండలో తల్లి పది నిమిషాలు లేస్తే గుడ్లు ఉడికిపోతాయి.

నేలపట్టు, కొల్లేరు ఆటపాక గురించి రెండే మాటలు. అవి గూళ్ల చోట్లు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల మీద, స్టాండ్ల మీద పిల్లలను పెంచుతుంటే చూడ్డానికి రెండూ బాగుంటాయి. ఉల్లంకుల కోసం అక్కడికి వెళ్లకండి. సూళ్లూరుపేట వెళ్లినవాళ్లు పదకొండు తర్వాత ఖాళీగా కూర్చోకుండా నేలపట్టు చూసి రావచ్చు.

ఇప్పుడు లెన్స్

పద్నాలుగు సెంటీమీటర్ల స్టింట్ ఫ్రేము వెడల్పులో నాలుగో వంతు ఉండాలంటే, ఫుల్‌ఫ్రేమ్ (36 మి.మీ. వెడల్పు సెన్సరున్న) కెమెరా మీద 600తో తొమ్మిది మీటర్ల చిల్లరకు చేరాలి. 1.5 క్రాప్ (అంతకన్నా చిన్న సెన్సరున్న) కెమెరా మీద 600తో పద్నాలుగు మీటర్లు. క్రాప్ మీద 400తో మళ్లీ తొమ్మిది చిల్లరే. అంటే నేల మీద ఓపిగ్గా పడుకునేవాడికి క్రాప్ కెమెరా, 400 లెన్స్ చాలు. అదే కారులోంచి దిగననేవాడికి 600 ఉన్నా స్టింట్ అందదు. 1.4 ఎక్స్‌టెండర్ (లెన్స్‌కూ కెమెరాకూ మధ్య బిగించి పక్షిని 1.4 రెట్లు పెద్దగా చూపేది) తగిలిస్తే ఒక స్టాప్, అంటే సగం, వెలుతురు పోయి లెన్స్ తెరుపు ఎఫ్/6.3 కాస్తా ఎఫ్/9 అవుతుంది. తెల్లవారుజామున అది దెబ్బే.

కొత్తగా మొదలుపెడుతూ ఒక్క లెన్సే కొనగలిగితే 150–600, 180–600, 200–600 జాతి జూమ్‌లలో మీ కెమెరాకు సరిపోయేది. రెండు కిలోల బరువు, చివర ఎఫ్/6.3, కారుకూ నేలకూ రెండింటికీ పనికొస్తుంది. పడవే ఎక్కువ అనుకుంటే 100–400. పది లక్షలు దాటే 600 ఎఫ్/4 చూసి ఆశపడేవాళ్లు ఒకసారి అద్దెకు తెచ్చి చూడండి. పొద్దు పొడవకముందు వెలుతురులో అది చేసే పని మరేదీ చేయదు, నిజమే. ఎనిమిదిన్నర తర్వాత రెండింటి ఫొటోలూ పక్కపక్కన పెట్టి తేడా చెప్పడం కష్టం. నికాన్ పీ950 లాంటి సూపర్‌జూమ్ కెమెరాలు దూరాన నిలబడ్డ పక్షిని గుర్తుపట్టడానికి బాగుంటాయి. ఎగిరే గుంపును వాటితో పట్టడం మాత్రం గగనం.

దూరాన్ని గెలుస్తామని పెద్ద లెన్స్ కొనేవాళ్లను ఓడించేది వేడి అలలు. ఎండెక్కాక బురద, తారు, లోతులేని నీళ్లు వేడెక్కి పైన గాలి అల్లాడుతుంది. వంద మీటర్లకు ఆవల ఉన్న ఫ్లెమింగో కన్ను ఏ లెన్స్‌కూ పదునుగా రాదు. జనం దీన్ని ఫోకస్ తప్పు అనుకుని లెన్స్‌ను సర్వీస్ సెంటరుకు పంపుతుంటారు. పరీక్ష తేలికే: వరసగా పది ఫ్రేములు తీయండి. ఒకటి పదును, మరొకటి ముద్ద, ఇంకొకటి మెడ వంకర, ఇలా మారుతుంటే తప్పు గాలిది. అప్పుడు దగ్గరి పక్షిని తీయాలి, లేదా కెమెరా సర్దేసుకోవాలి.

సెట్టింగుల్లో ముఖ్యమైనవి

మబ్బులేని ఎండలో ఎనిమిది తర్వాత ఐఎస్ఓ 400, ఎఫ్/6.3, 1/2500 మాన్యువల్‌లో పెట్టి మొదలుపెట్టండి. తెల్లకొంగ ఈకలు స్క్రీన్ మీద మిణుకుమంటే 1/3200కి పోండి. ఆటో ఎక్స్‌పోజర్ నల్లటి బురదను చూసి వెలుతురు పెంచుతుంది, చిన్న తెల్ల పక్షి సున్నపు ముద్ద అవుతుంది. వెనక బురద ఉన్నప్పుడు ఒక స్టాప్ తగ్గించాలి, వెనక ఆకాశం ఉన్నప్పుడు ఒకటి పెంచాలి. పక్షి ఎగిరి బురద మీంచి ఆకాశంలోకి పోతే ఆటో రెండుసార్లూ తప్పుతుంది. మాన్యువల్ సుఖం అక్కడే.

నిద్రపోతున్న పక్షికి 1/500 చాలు. మేసే స్టింట్ తల కుట్టుమిషన్ సూదిలా ఆడుతుంది, 1/1000కి తక్కువ వద్దు. ఎగిరే గుంపుకు 1/2500, ఆపైన. పది మీటర్ల దూరంలో 600, ఎఫ్/6.3 వద్ద పదునుగా వచ్చే లోతు పది సెంటీమీటర్ల లోపే. రెండు పిట్టలూ పదునుగా రావాలంటే అవి ఒకే వరసలో నిలబడాలి. ఎఫ్/11కి మూసినా అంత లాభం ఉండదు.

నీళ్లలో కనిపించే పక్షి నీడ కోసం కింద చోటు వదలండి. అరవై మీటర్ల దూరాన ఫుల్‌ఫ్రేమ్ 600 అడ్డంగా పట్టుకుంటే ఫ్రేము ఎత్తు 2.4 మీటర్లు. ఫ్లెమింగో 1.3, నీళ్లలో నీడ మరో 1.3. నీడలో తల తెగిపోతుంది. నిలువుగా తిప్పితే 3.6 మీటర్లు దొరుకుతాయి. నిశ్చలమైన నీళ్లలో ఎప్పుడూ నిలువే.

గుంపును లేపి ఎగిరే ఫొటో తీయడం ఎంపికల్లో లేదు. మేస్తున్న ఫ్లెమింగోలు తలలెత్తి, మెడలు నిటారుగా పెట్టి, అన్నీ ఒకే దిక్కుకు నడక మొదలుపెడితే మీరు ఇప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చినట్టు. అక్కడే ఆగి, అవి మళ్లీ తలలు దించేదాకా కదలకండి. వాటంతట అవి ఎగిరే సమయాలు రోజుకు కొన్ని ఉంటాయి, గద్ద వచ్చినప్పుడు, మేత చోటు మారేటప్పుడు. గాలికి ఎదురుగా లేస్తాయి కాబట్టి గాలి వీపున ఉన్నవాడికి ముఖాలు దొరుకుతాయి.

ఇంటికొచ్చాక

రాత్రి ఏసీ గదిలో ఉంచిన కెమెరా తెల్లవారి చెమ్మగాలిలోకి తెస్తే అద్దం మసకబారుతుంది. తుడిచినకొద్దీ మళ్లీ మసకే. బ్యాగు మూసి అరగంట, నలభై నిమిషాలు కారులో ఏసీ లేకుండా ఉంచితే ఆ బాధ లేదు. ఉప్పు తుంపర పడ్డ లెన్స్‌ను పొడి గుడ్డతో రుద్దితే ఉప్పురేణువులు గరుకు కాగితంలా గీస్తాయి. ముందు మంచినీళ్లతో తడిపి పిండిన గుడ్డతో అద్ది, తర్వాతే పొడిగుడ్డ. బురదలో ట్రైపాడ్ పాతేటప్పుడు అన్నిటికన్నా కింది సన్న కాడను ముందు పూర్తిగా చాపండి. అప్పుడు లాకులు బురదకు పైన ఉంటాయి. ఇంటికొచ్చాక లాకులు విప్పి మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే బిగించాలి. తడి మీద బిగించి మూల నిలబెడితే వచ్చే సీజనుకు ఆ లాకు తిరగదు.